తిరిగి తీసుకుంటామని కూడా రాయండి: హైదరాబాద్ షెల్టర్లకి, రెస్క్యూ గ్రూపులకి ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో కుక్కల్ని దత్తత ఇస్తున్న షెల్టర్ల వాళ్ళకి, రెస్క్యూ గ్రూపుల్లో ఉన్న అన్నలకి, అక్కలకి,

నమస్కారం. మీలో చాలామందికి నేను తెలుసు. మీ కుక్కపిల్లల్ని మా ఇంట్లో ఫాస్టర్ చేశాను, అంటే దత్తత కుదిరేదాకా ఉంచుకుని చూసుకున్నాను, దత్తత మేళాల్లో టేబుల్ దగ్గర కూర్చుని ఫారాలు నింపించాను, దత్తత అడిగినవాళ్ళ ఇళ్ళు చూసే హోమ్ విజిట్‌లకి కూడా వెళ్ళొచ్చాను. కాబట్టి దీన్ని ఎవరో బయటివాళ్ళు పెట్టిన కంప్లైంట్ లాగా చదవకండి ప్లీజ్. అర్ధరాత్రి ఎల్బీ నగర్ రోడ్డు మీద ఏదో బండి కుక్కని గుద్దేసి పోయిందని ఫోన్ వస్తే లేచి పరిగెత్తేది మీరే, వెట్ బిల్లు కట్టడానికి స్టేటస్‌లు పెట్టి పదిమందిని బతిమాలేది మీరే, ఇంట్లో వాళ్ళతో మాటలు పడేది కూడా మీరే. అవన్నీ చూసినదాన్నే గనక చెప్తున్నా, మనం దత్తత తీసుకునేవాళ్ళ చేత సంతకం పెట్టించుకునే అగ్రిమెంట్ ఉంది చూడండి, అందులో ఒక లైను గురించి మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

ఏ గ్రూపు కాగితం తీసుకున్నా ఆ లైను కాస్త అటూఇటూగా ఒకేలా ఉంటుంది. కుక్కని అమ్మకూడదు, ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు, వదిలేయకూడదు, ఏ కారణం వల్లనైనా పెంచుకోలేకపోతే మాకే తిరిగి అప్పగించాలి. చాలా కాగితాల్లో దాని కిందే జరిమానా ఇంత అని కూడా ఉంటుంది. ఆ లైను ఉండాలి, నేను కాదనట్లేదు. ఊరు మారుతున్నాం, ఫ్రీగా ఇచ్చేస్తాం అని ఆన్‌లైన్‌లో పెట్టిన లాబ్రడార్ ఆడకుక్క ఎవరి చేతికి పోతుందో మనందరికీ తెలుసు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాకపోతే ఇంక అంతే, ఎవడో ఒక గదిలో కట్టేసి ఈత మీద ఈత పెట్టించి పిల్లల్ని అమ్ముకుంటాడు. 2017లో వచ్చిన డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ బ్రీడింగ్ చేయకూడదు, కానీ రూల్ ఉందని వాళ్ళు ఆగారా? అందుకే మన కుక్క ఎక్కడుందో మనకి తెలియాలి అనుకోవడంలో తప్పేం లేదు.

నా బాధంతా ఏంటంటే, వాళ్ళు మాకే తిరిగి ఇవ్వాలి అని రాస్తాం, ఇస్తే మేము తీసుకుంటాం అని మాత్రం ఎక్కడా రాయం. ఎన్ని రోజుల్లో తీసుకుంటామో రాయం. ఎవరికి ఫోన్ చేయాలో రాయం. జాగా లేకపోతే ఏం చేస్తామో అసలే రాయం. అంటే ఒక తలుపు తప్ప మిగతావన్నీ మూసేసి, ఆ ఒక్క తలుపుకి కూడా లోపల నుంచి గడియ పెట్టుకుంటున్నాం.

చుక్క సంగతి చెప్తాను. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని షెల్టర్‌లోనే దానికి ఆ పేరు పెట్టారు, గోధుమ రంగు దేశీ ఆడకుక్క, స్టెరిలైజేషన్, వ్యాక్సిన్లు అన్నీ అయిపోయాయి. నిజాంపేట్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండే భార్యాభర్తలు దాన్ని తీసుకున్నారు. మంచివాళ్ళు, ఈ మాట నేను ఊరికే అనట్లేదు, వాళ్ళింటికి నేను వెళ్ళాను, చుక్కకి సోఫా మీద ఎక్కే పర్మిషన్ కూడా ఉంది గానీ అది మాత్రం పోయి పోయి చెప్పుల స్టాండ్ పక్కనే పడుకునేది, కింద పార్కింగ్‌లో ఆయన యాక్టివా ఆగిన చప్పుడు వింటే చాలు లేచి తలుపు కింద సందులో ముక్కు పెట్టి బుస్సుబుస్సున వాసన చూసేది, లిఫ్ట్ పైకి వచ్చేదాకా అట్లాగే. తర్వాత ఆ అమ్మాయికి ప్రెగ్నెన్సీ, డాక్టర్ బెడ్ రెస్ట్ అన్నది, అదే టైమ్‌లో ఫ్లాట్ ఓనర్ మా కొడుకు వస్తున్నాడు ఖాళీ చేయండి అన్నాడు, కుక్క ఉందంటే వేరే ఓనర్లు ఇల్లు చూపించడానికి కూడా రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఒత్తిడి సరేసరి.

వాళ్ళు అగ్రిమెంట్‌లో ఉన్నట్టే షెల్టర్‌కి మెసేజ్ పెట్టారు. స్పేస్ లేదండి, వెయిట్ చేయండి అని జవాబు. మళ్ళీ పెడితే చూస్తాం అన్నారు. ఈలోపు ఉప్పల్‌లో ఉండే వాళ్ళక్క నేను తీసుకుంటా అని ముందుకొచ్చింది, సొంతిల్లు, చుట్టూ ప్రహరీ, ఇంతకు ముందు కుక్కని పెంచి ముసలిదై చనిపోయేదాకా చూసుకున్న మనిషి, చుక్కకి ఆవిడ ముందు నుంచీ తెలుసు కూడా. ఆ మాట షెల్టర్‌కి చెప్తే వేరేవాళ్ళకి ఇవ్వడం అగ్రిమెంట్ ప్రకారం కుదరదు, జరిమానా పడుద్ది, ఆవిడ ఫ్రెష్‌గా ఫారం నింపాలి, హోమ్ విజిట్‌కి వాలంటీర్ దొరకాలి అన్నారు. వాలంటీర్ దొరకలేదు. ఒక రోజు గ్రూపులో వీళ్ళ ఫ్యామిలీ ఫోటో పెట్టి, పిల్లలు పుట్టగానే కుక్కని వదిలించుకునే బాపతు అని ఎవరో రాశారు, కింద వంద తిట్లు. ఆ అమ్మాయి అప్పుడు ఏడో నెలలో ఉంది.

దాని తర్వాత వాళ్ళు షెల్టర్‌తో మాట్లాడటం మానేశారు. ఆయన ఫ్రెండ్‌కి శామీర్‌పేట దాటాక ఫామ్‌హౌస్ ఉంటే వాచ్‌మన్ చూసుకుంటాడు అని చుక్కని అక్కడ దింపి వచ్చారు. రెండు రోజులు కూడా ఉండలేదు అది, గేటు కింద నుంచి దూరి పోయింది. మేమంతా వెతికాం, పోస్టర్లు అంటించాం, చివరికి హైవే పక్కన ఒక టిఫిన్ సెంటర్ వెనకాల గిన్నెలు కడిగే చోట దొరికింది. మెడకి బెల్టు అలాగే ఉంది గానీ మనిషి చిక్కిపోయినట్టు అది కూడా చిక్కిపోయి, ఆ బెల్టు జారి భుజాల మీదకి వచ్చేసింది, చెవుల లోపల వేలు పెట్టే సందు లేకుండా పిడుదులు. టిక్ ఫీవర్, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ట్రీట్‌మెంట్ చేయించి కోలుకున్నాక ఇప్పుడు అది ఎక్కడుందో తెలుసా, ఉప్పల్‌లో ఆ అక్క దగ్గరే. మొదటి రోజు నుంచీ రెడీగా ఉన్న ఇంటికే ఇంత తిరిగి, ఇంత రక్తం పోగొట్టుకుని చేరింది.

ఆ షెల్టర్ పేరు నేను చెప్పను, అడగొద్దు కూడా. ఎందుకంటే ఇది ఆ ఒక్క చోటే జరిగే సంగతి కాదు, నిండిపోయిన కెన్నెళ్ళు (కుక్కల్ని ఉంచే బోన్లు), చాలీచాలని మనుషులు మన అందరి దగ్గరా ఉన్నవే.

ఇంక చట్టం సంగతికి వస్తే, మన కాగితం వల్ల మనకి ఎంత బలం ఉందనుకుంటున్నామో నిజంగా అంత లేదు. జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది, అందులో సెక్షన్ 11 ప్రకారం ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో సరైన కారణం లేకుండా జంతువుని వదిలేయడం నేరమే, కానీ మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, యాభై రూపాయలు. మన అగ్రిమెంట్‌లో 25 వేలు, 50 వేలు అని రాసుకుంటాం గదా, దానికి వర్తించేది 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్, అందులో సెక్షన్ 74 ఏం చెప్తుందంటే కాగితం మీద ఎంత రాసుకున్నా అది గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది ఆ లోపల న్యాయంగా తోచినంత నష్టపరిహారమే. పైగా చట్టం దృష్టిలో కుక్క ఇప్పటికీ ఆస్తి కిందే లెక్క, సంతకం అయ్యాక అది ఎవరి ఆస్తి, షెల్టర్‌దా తీసుకున్నవాళ్ళదా అని చాలా అగ్రిమెంట్లలో స్పష్టంగా ఉండనే ఉండదు. వాళ్ళు ఇవ్వం అంటే మనం ఇంట్లోకి దూరి లాక్కురాలేం, అట్లా చేస్తే కేసు మన మీదే అవుతుంది. 18 నిండని పిల్లాడి చేత సంతకం పెట్టించుకుంటే అది కాంట్రాక్టే కాదు, అయినా హాస్టల్ పిల్లలకి ఫారాలు ఇస్తూనే ఉన్నాం.

అంటే ఆ పెద్ద అంకెకి భయపడేది ఎవరయ్యా అంటే, కాగితాన్ని సీరియస్‌గా తీసుకునే మంచివాళ్ళే. చుక్కని తీసుకున్నవాళ్ళ లాంటివాళ్ళు. మిగతావాళ్ళు చెప్పకుండా కుక్కని ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర దింపేసి వచ్చి పారిపోయింది అని చెప్తారు, మనం పాపం అని మిస్సింగ్ పోస్టర్ కూడా డిజైన్ చేసి ఇస్తాం.

ఈ లైను మీద గొడవలు మన దగ్గరే కాదు. అమెరికాలో 2007లో ఎలెన్ డీజెనరస్ అనే టీవీ హోస్ట్ ఒక రెస్క్యూ సంస్థ నుంచి ఇగ్గీ అనే చిన్న కుక్కని తీసుకుంది, అది ఇంట్లో పిల్లులతో సర్దుకోలేదని తన హెయిర్‌డ్రెస్సర్ కుటుంబానికి ఇచ్చేసింది, అగ్రిమెంట్ ప్రకారం మాకే తిరిగి ఇవ్వాలి గదా అని ఆ సంస్థ వెళ్ళి పిల్లలున్న ఆ ఇంటి నుంచి కుక్కని తెచ్చేసుకుంది. ఆవిడ టీవీ షోలో ఏడ్చింది, సంస్థ వాళ్ళకి బెదిరింపులు వచ్చాయి, దేశమంతా రెండు పార్టీలుగా చీలింది. కాగితం లెక్కన చూస్తే సంస్థదే కరెక్ట్, సంతకం పెట్టాక చెప్పకుండా ఇవ్వడం తప్పే. అయినా నాకు ఆ కథలో వేరేది కనిపిస్తుంది. వాళ్ళు ఆ కుటుంబాన్ని వెళ్ళి చూసి, బాగుంటే వాళ్ళ పేరు మీదే కొత్త అగ్రిమెంట్ రాసి ఉంటే కుక్క రెండోసారి ఇల్లు మారాల్సిన పని ఉండేది కాదు. మన అగ్రిమెంట్లలో ఆ దారి పెట్టుకోవడానికి మనకి ఎవరు అడ్డం?

నేను అడిగేది చెప్తాను. మాకే తిరిగి ఇవ్వాలి అన్న లైను కింద మన సంతకంతో ఇంకో మాట రాద్దాం: మీరు తెలియజేసిన రోజు నుంచి ఇన్ని రోజుల్లో మేము తీసుకుంటాం, ఆ లోపు తీసుకోలేకపోతే మీకు తెలిసిన మంచి ఇల్లు ఉంటే మేము ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో చూసి ఒప్పుకుంటాం, పేరు మార్చి రాసిస్తాం. ఎన్ని రోజులు అనేది మీ మీ కెన్నెళ్ళని బట్టి మీరే రాసుకోండి, పదిహేను అనండి, నెల అనండి, కానీ ఒక అంకె ఉండాలి. షెల్టర్‌కి రావడం కంటే ఇంటి నుంచి ఇంటికి పోవడమే కుక్కకి మేలని నాకంటే మీకే ఎక్కువ తెలుసు, కెన్నెల్ అంటే పార్వో, డిస్టెంపర్ లాంటి అంటురోగాలు తిరిగే చోటు, సోఫా మీద పెరిగిన కుక్కని తెచ్చి పక్కన పది కుక్కలు మొరిగే బోనులో పెడితే తిండి మానేసి మూలన కూర్చుంటుంది, మీరూ చూసే ఉంటారు. ఉన్న ఇంట్లోనే ఇంకో నెల ఉంచుకోండి, ఫుడ్ మేము ఇస్తాం, ఫోటోలు పంపండి, పోస్ట్ మేము పెడతాం, ఫోన్లు మేము ఎత్తుతాం అంటే చాలామంది ఒప్పుకుంటారు. వాళ్ళు వదిలించుకోవాలని చూసే మనుషులే అయితే అసలు మనకి మెసేజ్ పెట్టేవాళ్ళే కాదు కదా.

ఇల్లు మారేటప్పుడు కాగితాలు కూడా మారాలి, ఇది మనం అస్సలు పట్టించుకోం. వ్యాక్సిన్ బుక్కు, స్టెరిలైజేషన్ సర్టిఫికెట్ కొత్త వాళ్ళకి పోవాలి. మున్సిపల్ లైసెన్స్ ఉంటే ఆ పేరు మార్పించాలి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే అది మరీ ముఖ్యం, చిప్‌లో ఉండేది 15 అంకెల నంబర్ ఒక్కటే, పేరు, ఫోన్ నంబర్ అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి, అక్కడ పాత నంబరే ఉంటే కుక్క తప్పిపోయినప్పుడు స్కాన్ చేసి ఏం లాభం? తెలిసిన అలవాట్లు కూడా ఒక పేజీ రాసివ్వమనండి, టపాసులకి ఎట్లా చేస్తుంది, బోనాల డప్పులకి భయపడుతుందా, పిల్లలు తింటుంటే దగ్గరికి పోతుందా, ఎప్పుడైనా కరిచిందా. కరిచిన విషయం దాచిపెట్టి ఇంకొకళ్ళకి ఇవ్వడం మాత్రం ఎవరు చేసినా క్షమించకూడదు, ఆ ఇంట్లో చిన్న పిల్ల ఉండొచ్చు. అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో వీధి కుక్కలు మీద పడి ప్రాణం పోయిన ఆ చిన్న బాబుకి జరిగింది ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా, కుక్కల పనిలో ఉన్న మనం అసలే మర్చిపోకూడదు.

ఇంకో సంగతి, అగ్రిమెంట్ తెలుగులో ఇవ్వండి. ఇంగ్లీషులో రెండు పేజీలు చిన్న అక్షరాల్లో ఉంటే మేళాలో కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకున్న మనిషి చదువుతాడా? నేను టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు చూశాను, ఇక్కడా సంతకం అంటే ఇక్కడ పెట్టేసి పోతారు. సంతకం ముందు గట్టిగా చదివి వినిపించాలి, ఇంట్లో ఇంకో పెద్దమనిషి చేత కూడా సంతకం పెట్టించాలి, అద్దె ఇల్లయితే ఓనర్‌కి తెలుసా అని అడగాలి, రేపు కంపెనీ వాళ్ళు పని మీద విదేశానికి పంపే ఆన్‌సైట్ వస్తే కుక్క ఎవరి దగ్గర ఉంటుంది అని అప్పుడే అడగాలి. ఈ ఆన్‌సైట్ సంగతి మన ఊళ్ళో చిన్నదేం కాదు. 2024 ఆగస్టు నుంచి అమెరికాకి కుక్కల్ని తీసుకుపోవడానికి అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన రూల్స్ గట్టివైపోయాయి, మన దేశం వాళ్ళ హై రిస్క్ రేబిస్ లిస్టులో ఉంది, కుక్కకి ఆరు నెలలు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి, వ్యాక్సిన్ సర్టిఫికెట్లు, రక్త పరీక్ష లేదంటే అక్కడ క్వారంటైన్, దిగడం కూడా వాళ్ళు చెప్పిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే. వీసా వచ్చిన నెలలో వెళ్ళిపోవాల్సిన వాళ్ళకి ఇవన్నీ కుదరకపోతే వాళ్ళని రాక్షసులు అనేయడం సులువే, కానీ దాంతో కుక్కకి ఇల్లు దొరకదు గదా.

ఆ తిట్టే సంగతి కూడా చెప్పేస్తాను, కోపం వచ్చినా సరే. తిరిగి ఇచ్చేస్తున్నాం అన్నవాళ్ళ ఫోటోలు గ్రూపుల్లో పెట్టడం ఆపండి. మనకి మండుతుంది, నాకూ మండుతుంది, మొదటి మూడు రోజుల్లోనే ఇది మంచం కింద నుంచి రావట్లేదు తీసుకుపోండి అని ఫోన్ చేసినవాళ్ళతో నేనూ మాట్లాడాను, మూడు రోజులు బెదురు పోవడానికి, మూడు వారాలు అలవాటు పడటానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అనుకోవడానికి పడుతుంది అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. కానీ ఒక్కళ్ళని బజారులో నిలబెడితే చూస్తున్న పదిమంది నేర్చుకునేది కుక్కని బాగా చూసుకోవాలి అని కాదు, షెల్టర్‌కి చెప్పకూడదు అని. ఆ పదిమందిలో ఒకరి దగ్గర ఇంకో చుక్క ఉంటుంది.

దత్తత తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు ఒక్కటే మాట, ఎంత కష్టం వచ్చినా చెప్పకుండా చేతులు మార్చకండి. ఫామ్‌హౌస్ వాచ్‌మన్ అనేవాడు మీ కుక్కకి ఇల్లు కాదు, ఆయన జీతం గేటుకి, కుక్కకి కాదు. ముందే మెసేజ్ పెట్టండి, ఇల్లు ఖాళీ చేసే రోజు లారీ ఎక్కుతూ కాదు, ఓనర్ నోటీస్ ఇచ్చిన రోజే.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అంటే, దత్తత అనేది ఇంక మన గ్రూపుల వరకే ఉండే పని కాదు. 2025 ఆగస్టులో మన నగర మున్సిపల్ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ వాళ్ళే జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టారు. అదే నెల 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్‌లో, వీధి కుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు మున్సిపల్ వాళ్ళకి అప్లై చేసుకోవచ్చు, కుక్కకి ట్యాగ్ వేసి ఇస్తారు, అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని ఉంది. మంచిదే, కానీ అక్కడ కూడా బాధ్యత అంతా ఒక వైపే ఉంది, రేపు ఆ మనిషికి నిజంగా చేతకాని పరిస్థితి వస్తే కుక్కని ఎక్కడికి తీసుకుపోవాలి? ఆఫీసుల్లో ఫారం తయారు చేసేటప్పుడు ముందు చూసేది మన కాగితాలనే, ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నది మనమే కాబట్టి. మనదే సగం రాసిన కాగితమైతే వాళ్ళదీ అట్లాగే ఉంటుంది.

తెలుగులో ఒక డ్రాఫ్ట్ అగ్రిమెంట్ నేను రాసి పెట్టాను, ఒకటిన్నర పేజీ, తెలిసిన లాయర్ మేడమ్ చదివి సెక్షన్లు సరిచేశారు. తిరిగి తీసుకునే గడువు దగ్గర ఖాళీ వదిలాను, మీరు నింపుకోండి. నచ్చనివి కొట్టేయండి, నా పేరు ఎక్కడా పెట్టాల్సిన పని లేదు. ఏదైనా ఆదివారం మధ్యాహ్నం అందరికీ కుదిరే చోట కూర్చుందాం, ఇందిరా పార్కులో అయినా సరే, నేను ప్రింట్లు తెస్తాను. అంతకంటే ముందు మాత్రం ఒక పని చేయండి, మీ పేజీ ఇన్‌బాక్స్‌లో చూస్తాం అని జవాబు ఇచ్చి ఆగిపోయిన రిటర్న్ మెసేజ్‌లు ఉంటాయి, మే, జూన్‌లలో ఇళ్ళు మారే సీజన్‌లో వచ్చినవి అయితే మరీ ఎక్కువ ఉంటాయి, వాటిని ఈ వారమే తెరిచి ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి కుక్క ఇప్పుడు ఎక్కడుంది అని అడగండి. ఫాస్టర్ కావాలంటే ఒకదానికి మా ఇంట్లో జాగా ఉంది.

ఇట్లు,
సైనిక్‌పురి నుంచి మీ ఫాస్టర్ వాలంటీర్